వీథిగదికి క్రొత్తరూపు

మా చిన్ననాట ఇంటికి సున్నము వేయించుట యనగా సంక్రాంతి ముంగిటి పని. నెలగంట పెట్టిన పది దినములకు పెరటిలో గంగాళము దింపి, దానిలో గుల్లసున్నము వేసి నీరు వంచినతోడనే అది బుసబుస పొంగి ఉడికెడిది. పిల్లలము దూరముగా నిలిచి చూచెడివారము. మరునాడు కొంచెము నీలిమందు కలిపి, పీచుకుంచెతో రెండు పూతలు పూసినంతనే యిల్లంతయు తెల్లవారినట్లుండెడిది. అరుగుల అంచులకు జేగురుపట్టెలు, గడపకు పసుపు, వాకిట ముగ్గు. ఇంతటితో ఆ యేటికి అలంకారము ముగిసెడిది. గృహాలంకరణ మనునది వేఱొక విద్యయని గాని, దానినే వృత్తిగా జేసికొన్నవారు కలరని గాని మే మెఱుగము.

ఇప్పు డట్లు కాదు. చేతిలోని ఫోను తెఱచినచో నిమిషమున కొక గది కన్నులయెదుట నిలుచును. ఆ గదులలో మనుష్యు లుండరు. నీళ్ళబిందె యుండదు, విడిచిన చెప్పు లుండవు, మందుసీసా లుండవు, ఆరవేసిన తువా లుండదు. వానిని చూచిచూచి మన యిల్లు మనకే చిన్నతనముగా దోచును. నాకును దోచినది. ఆ తోచుటవలన మా వీథిగదిని నే నొకసారి చెడగొట్టితిని. తరువాత అందఱము కలిసి బాగుచేసికొంటిమి. ఈ యేడు ఇల్లు దిద్దుకొన దలచిన సోదరీమణులకు పనికివచ్చునేమోయని ఆ రెండు సంగతులను వ్రాయుచున్నాను.

మా యిల్లు గోదావరి డెల్టాలో కాలువగట్టు నానుకొన్న యొక చిన్న యూరిలోనిది. మామగారి తండ్రిగారు కట్టించిన మండువాలోగిలి. నడుమ ఆకాశమునకు తెఱచిన మండువా. నలువైపుల దానిలోనికి వాలిన కప్పు. వాన కురిసిన నాలుగు వాలుల నీరును మండువాలో పడి తూముగుండ వీథికాలువకు పోవును. వెలుగును గాలియు అన్ని వసారాలకు సమముగా పంచబడును. సంస్కృతమున చతుశ్శాల యన్నది దాదాపుగా ఇదియే. అన్నదమ్ములు పంచుకొన్ననాడు మండువా నడుమ గోడ లేచినది. మా పాలికి సగము మండువా, ఒక వంటయిల్లు, రెండు చిన్నగదులు, వీథివైపున నున్న పెద్దగది వచ్చినవి. ఆ పెద్దగదినే మేము వీథిగది యందుము. మావారు సాయంకాలము పిల్లలకు లెక్కలు చెప్పుట, అత్తగారు పగలు కూర్చుండుట, బంధువులు దిగుట, మా పిల్లలు చదువుకొనుట అన్నియు అందులోనే. గోడలు గానుగసున్నముతో కట్టినవి, అడుగున్నర మందము. నేల ప్రాతగచ్చు. కప్పు మంగుళూరు పెంకు.

2019లో మా ఆడపడుచునకు పెండ్లిచూపులు నిశ్చయమైనవి. వరునివారు హైదరాబాదు కాపురస్థులు. వారు వచ్చి కూర్చుండు గది యెట్లుండవలెనో నే నప్పటికే ఫోనులో చూచియుంటిని. గుత్తేదారొకడు వచ్చి చుట్టును పరికించి నాలుగు పనులు చెప్పెను. గోడల ప్రాతసున్నము రాల్చి సిమెంటుపూత వేసి దానిపై ప్లాస్టిక్కు రంగు వేయుట; గచ్చుపై అద్దమువలె మెఱయు టైల్సు పఱచుట; పెంకు కనబడకుండ క్రింద తెల్లని దొంగకప్పు బిగించుట; ప్రాతసామాను తీసివేయుట. మండువాపై ప్లాస్టిక్కు రేకు కప్పినచో మఱియొక గది కలిసివచ్చునని గూడ చెప్పెను. దానికి మాత్రము అత్తగారు తల యెత్తి, "మరి వాన ఎక్కడ పడుతుంది నాయనా?" అనిరి. ఆ ప్రశ్నకు గుత్తేదారునొద్ద సమాధానము లేకపోవుటచే ఆ పని యాగినది. తక్కిన నాలుగును జరిగినవి.

ప్రాతసామానులో నొక భోషాణము కలదు. నడుమెత్తు టేకుపెట్టె, మూలలకు ఇత్తడిబందులు. వీథిగుమ్మము దాటి లోన అడుగిడినంతనే కుడిచేతివైపున నుండెడిది. అత్తగారు కాపురమునకు వచ్చిన నాటినుండి అది యచ్చోటనే యున్నది. దానిని ప్రాతసామాను కొనువానికి 6,000 రూపాయలకు ఇచ్చివేసి ఆ చోట మెత్తని సోఫా వేయించితిని. అత్తగారు ఏమియు ననలేదు. అనకపోవుటను నేను సమ్మతి యనుకొంటిని.

పెండ్లివారు వచ్చిరి. గదిని చూచి బాగున్నదనిరి. పదినిమిషములకు లోపల ఉక్కగా నున్నదని కుర్చీలు అరుగుమీదికి వేయించుకొని తక్కిన మాటలన్నియు అక్కడనే ముగించిరి! సంబంధము కుదిరినది. గదికై వ్యయపఱచిన లక్షన్నర రూపాయలలో దానికి పాలు లేదని నాకు ఆనాడే తెలియవలసినది.

మరుసటి వర్షాకాలమునకు గోడల క్రిందిభాగమున రంగు పొక్కులెత్తెను. ఆ పైయేటికి పొక్కులు పగిలి, వానినుండి తెల్లని ఉప్పుపొడి రాలజొచ్చెను. ఉదయము తుడిచిన సాయంకాలమునకు మఱల నేలపై పిండివలె పడియుండెడిది. రంగు మంచిది కాదనుకొని మఱియొకసారి వేయించితిమి. అదియు నట్లే పొక్కినది. దోషము రంగునందు లేదు. డెల్టాభూమిలో నీరు లోతున లేదు గదా. ఇటుక క్రిందినుండి ఆ తేమను వత్తి నూనెను పీల్చినట్లు పీల్చి పైకి లాగును. గోడకు సున్నపుపూత యున్నంతకాలము ఆ తేమ సన్నని రంధ్రములగుండ గాలిలో కలిసిపోవుచుండును. సిమెంటుపూతయు, దానిపైని ప్లాస్టిక్కు రంగును దానిని బయటికి పోనీయవు. లోపల చిక్కిన తేమ యింకను పైకెక్కి, భూమినుండి తెచ్చిన ఉప్పును అక్కడ పేర్చును. ఆ ఉప్పు గట్టిపడి ఉబ్బినప్పుడు పూతను పొట్టువలె లేపును. నూఱేండ్లు నిలిచిన గోడ రెండేండ్లలో రోగిష్ఠి యైనది.

ఇది డబ్బు నష్టము మాత్రమే. అసలైనది చెప్పెదను. 2021 శ్రావణమాసమున ఒక సాయంకాలము సన్నగా జల్లు పడుచుండెను. అత్తగారు అరుగుమీదినుండి లేచి తడికాళ్ళతో గడప దాటి లోపల అడుగు వేసిరి. టైల్సుపై కాలు జారినది. నేను వంటయింటినుండి చప్పుడు విని పరుగెత్తితిని. తుంటియెముక విఱిగెను. శస్త్రచికిత్స జరిగినది. నాలుగు మాసములు మంచమునకును, నడచుటకు పట్టుకొను చట్రమునకును నడుమ గడిచినవి. వారికప్పుడు డెబ్బదిరెండేండ్లు.

ఆసుపత్రినుండి వచ్చిన రెండవనాడు నేను కాళ్ళకు నూనె రాయుచు కంటనీరు పెట్టుకొంటిని. వా రూరక చూచి, "ఊరుకో అమ్మాయీ. జారడం జారాను, పట్టుకుందామని చెయ్యి చాచాను. పెట్టె అక్కడ లేదు," అనిరి.

అప్పుడు నాకు తెలిసినది. ఏబదియేండ్లుగా వారు ఆ గడప దాటినప్పు డెల్ల కుడిచేయి ఆ భోషాణపు అంచుమీద వేసి లోపలికి వచ్చెడివారు. నేను పదునైదేండ్లు ఆ యింట మెలగియు దానిని చూచితిని గాని కనుగొనలేదు. నా కది చోటు మ్రింగు ప్రాతపెట్టె. వారికది చేయూత. ఆ పెట్టెకై తరువాత చాల వెదకితిమి. కొన్నవాడు మఱియొకనికి అమ్మితిననెను. ఆ మఱియొకడు ఎవడో తెలియలేదు. పట్టణములలో పెద్ద హోటళ్ళవారు అట్టి పెట్టెలను వెల పోసి కొని ముంగిట నలంకారముగా పెట్టుకొనుచున్నారని విందును. అది యెచ్చటనో యొకచోట దీపము క్రింద మెఱయుచుండవచ్చును.

ఆ నాలుగు మాసములు రాత్రులయందు వారికి నిద్ర పట్టెడిది కాదు. మా తండ్రిగారు నాకు ఇంటియొద్దనే చెప్పిన కావ్యనాటకములలో నేదో యొకటి చదివి అర్థము చెప్పుచుండెడిదానను. శూద్రకుని మృచ్ఛకటికము వారికి మిక్కిలి నచ్చినది. మూడవయంకమున శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయవచ్చి ఏ గోడ యనువుగా నుండునాయని చేతితో తడవి చూచును. ప్రతిదినము సూర్యునికి వదలు నీటిచే నాని, ఉప్పు తిని, డుల్లిన చోటును ఏరుకొనును. కాల్చిన యిటుకలైన ఊడదీయవలెను, పచ్చియిటుకలైన కోయవలెను, మట్టిగోడ యైన తడుపవలెను, కొయ్యదైన చీల్చవలెనని తన శాస్త్రమును తలచుకొనును. నేను ఇంతవఱకు చెప్పునప్పటికి అత్తగారు మా గోడవైపు తిరిగి, "మన గోడకైతే ఆ దొంగకు అంత చదువక్కర్లేదే అమ్మాయీ, గోటితో గీస్తే చాలు," అనిరి. విఱిగిన యెముకతో వారును, పశ్చాత్తాపముతో నేనును ఆ రాత్రి నవ్వుకొన్న నవ్వు ఇప్పటికిని మఱువలేదు. పాపము ఆ దొంగ లోపలికి వచ్చి చూచినచో మృదంగము, వీణ, పిల్లనగ్రోవులు, పుస్తకములు దక్క మఱేమియు లేవు. తరువాతి యంకమున వసంతసేన భవనమును ఎనిమిది ముంగిళ్ళతో కవి వర్ణించును. ఎవరి యిల్లు కావలెనని అడిగితిని. "రెండోది తుడవలేం," అనిరి.

2022 వేసవిలో బాగుచేత మొదలిడితిమి. మావారు ఈసారి గుత్తేదారును పిలువలేదు. కొబ్బరితోటల నడుమ ప్రాతయిండ్లకు పనిచేయు ఒక ముసలిమేస్త్రీని తోడ్కొనివచ్చిరి. అతడు గోడపై చేయి వేసి, "గోడకి చెమట పడతాదండమ్మగారూ. చొక్కా మార్చాలి గాని రేకు చుట్టకూడదండి," అనెను. గుత్తేదారు లెక్కకాగితములలో లేని శాస్త్ర మంతయు ఆ మాటలో కలదు.

నేల నుండి నాలుగడుగుల యెత్తువఱకు సిమెంటుపూతను చెక్కించి, పైన నున్న ప్లాస్టిక్కు రంగును గీకించి, రెండునెలలు గోడను ఎండకును గాలికిని వదలితిమి. బయలుపడిన ఉప్పును పొడికుంచెతో దులుపవలెనే కాని నీటితో కడుగరాదు. కడిగినచో ఉప్పు కరగి మఱల లోనికే పోవును. తరువాత ఒక పాలు నానిన సున్నమునకు మూడుపాళ్ళ ఇసుక కలిపి నూఱించితిమి. పూర్వము ఎద్దు లాగెడి గానుగలో రాతిచక్రముతో నూఱెడివారు. ఇప్పుడు మర కలదు. కరకకాయలు దంచి బెల్లముతో నాలుగైదు దినములు నీట నాననిచ్చి, ఆ నీటిని సున్నములో కలుపుట మన దక్షిణదేశపు ప్రాతపద్ధతి. బెల్ల మెక్కువైన చీమలు పట్టునని మేస్త్రీ నవ్వుచు హెచ్చరించెను. పూతను పలుచగా రెండుమార్లు వేసి, పదిదినములు ఉదయసాయంకాలములు నీరు చిలుకరించితిమి. సున్నము సిమెంటువలె త్వరపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెము కొంచెముగా పీల్చి, మాసములపై మఱల రాయి యగును. తొందరపడు ఇల్లాలికి ఈ పని తగదు.

పైన సున్నపువెల్ల మూడు పూతలు. దీనికి దోషము లేకపోలేదు, చీరకంటును. కొంచెము తుమ్మబంక కలిపినచో అంటుట తగ్గును, బొత్తిగా మానదు. కూర్చున్నవారి వీపు తగులు చోట మేము టేకుపలక బిగించితిమి. రంగు కావలె ననువారు సున్నమున జేగురు గాని పసుపుపచ్చని మన్నుగాని కలుపవచ్చును, భూమిలో పుట్టిన రంగులు సున్నమున చెడవు. వంటింటి పసుపు కలిపిన పచ్చగోడ వచ్చునని మాత్రము తలపకుడు. పసుపున సున్నము పడిన పారాణి యగునని మనకందఱకు తెలిసియు, మా చిన్నమ్మాయి ఒక మూల ఆ ప్రయోగము చేసి గోడను పెండ్లికూతు పాదమువలె నెఱ్ఱజేసినది! నాలుగు నెలలకు ఎండకు అదియు వెలసిపోయినది.

సిమెంటుతో కట్టిన నేటి యిండ్లవారు దీనిని చూచి తమ గోడలకు సున్నము పూయబోవలదు. ప్లాస్టిక్కు రంగుపై సున్నము నిలువదు, పొరలుగా ఊడును. అట్టి యింట తేమ కనబడినచో రంగు మార్చుటకు ముందు మీది డాబా నుండియో స్నానపుగది గొట్టమునుండియో నీ రెచ్చట దిగుచున్నదో వెదకవలెను. డాబాయిండ్లవారికి వేసవిలో అన్నిటికంటె చౌకయైన దిద్దుబాటు కప్పుపై తెల్లపూత. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లనికప్పుల విషయమై ప్రత్యేకవిధానమునే ప్రకటించినది. ఎవరికి కనబడని చోట వేయు రంగే గదికి హెచ్చు సుఖ మిచ్చుట వింతగదా.

మాది పెంకు. బాసెల్ మిషనువారు 1865లో మంగుళూరున పెంకులపరిశ్రమ నెలకొల్పిన తరువాత ఈ పెంకు సముద్రతీరముల వెంబడి వ్యాపించినది. పెంకుల సందులనుండి వేడిగాలి పైకి పోవుటయే ఆ కప్పునకు ప్రాణము. నేను దొంగకప్పు వేయించి దానికి మూత పెట్టితిని. గోడపైనున్న గాలికిటికీలును దానివెనుక మాటువడినవి. పెండ్లివారు అరుగు మీదికి పోయిన కారణ మిదియే. దొంగకప్పు ఊడదీసిన దినమున గది రెండడుగులు పెరిగినట్లయ్యెను. నడిమి చీకటికై రెండు పెంకులు తీసి వాని స్థానమున రెండు గాజుపెంకులు వేయించితిమి. మధ్యాహ్నమున రెండు వెలుగుపలకలు నేలపై మెల్లగా నడచిపోవుచుండును. అత్తగారు గడియారము చూచుట మానివేసిరి.

తలుపులకు సంబంధించి ఒక హెచ్చరిక చేయక తీఱదు. ప్రాతతలుపుల రంగు గీకునప్పుడు పిల్లలను, గర్భిణీస్త్రీలను ఆ దరికి రానీయకుడు. పూర్వపు నూనెరంగులలో సీసము విస్తారముగా నుండెడిది. మనదేశమున 2017 నవంబరు 1 నుండి ఇంటిరంగులలో సీసము పదిలక్షలపాళ్ళకు 90 పాళ్ళు మించరాదని నియమము వచ్చినది గాని, తలుపుపైని ప్రాతరంగునకు ఆ నియమము తెలియదు. పొడిగా ఉప్పుకాగితముతో రుద్దిన లేచు దుమ్ము ఊపిరితోడను, పిల్లల వ్రేళ్ళతోడను కడుపులోనికి పోవును; బిడ్డల బుద్ధివికాసమునకు అది హాని. తడిపి గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆ పొట్టును మూటకట్టి పారవేయవలెను. మా తలుపులకు తరువాత అవిసెనూనె పట్టించితిమి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండజుట్టి మూల పడవేయరాదు. అవి తమంత తామే వేడెక్కి మంట లేపగలవు. విప్పి ఆరవేసి యుంచవలెను.

ఇక నేల. టైల్సు ఊడదీయించుట కష్టమైన పని. వానితో క్రింది గచ్చు గూడ పెళ్ళలై లేచిపోయినది. ఆ గచ్చు నిక రాదు. దాని మారుగా తాండూరు బండ, మెఱుగుపెట్టనిది, వేయించితిమి. కడపబండ, బేతంచెర్ల బండయు ఇందుకు తగినవే. కొనునప్పుడు ఒక బండపై నీరు చల్లి ఉత్తపాదముతో నిలిచి చూడుడు. దుకాణమున చెప్పులతో నిలిచి చూచిన టైల్సును ఇంట తడికాళ్ళతో త్రొక్కుచున్నాము, అందుననే చిక్కు. గడపను తీసివేయుదమా యని మావారు అడిగిరి. అత్తగారు ఒప్పలేదు. ఆలోచింపగా గడపకు పూయు పసుపు ముసలికన్నులకు గూడ దూరమునుండి కనబడును, దానిపై కుంకుమబొట్లు మఱింత గుర్తు. పూర్వు లెందుకు పెట్టిరో గాని, కన్ను మసకబారినవారికి అది మంచి సంకేతము.

గుమ్మమునుండి మండువావసారా వఱకు గోడవెంట రెండున్నర అడుగులకు మించి మూడడుగులకు లోపు ఎత్తున టేకుకడ్డీ బిగించితిమి, చేతికి నిండుగా పట్టు దొరకునట్లు. వచ్చినవారు దానిని అలంకారమనుకొని మెచ్చుకొనుచున్నారు. స్నానపుగదిలో నిట్టిదే యినుపకడ్డీ. పెద్దలున్న యింట ఏమి కొన్నను కొనకపోయినను ఈ రెండును కొనవలసినవి.

దీపముల విషయము కొంచెమే. ఎల్.ఈ.డీ. బల్బు పెట్టెపై 2700 అనియో 6500 అనియో కెల్విను సంఖ్య యుండును. పెద్దసంఖ్య తెల్లని నీలికాంతి, చిన్నసంఖ్య నూనెదీపపు కాంతి. మా గదికి పూర్వము రెండు 6500 దీపములు నడినెత్తిన నుండెడివి. అందఱి ముఖములును పరీక్ష తప్పినవారి ముఖములవలె నుండెడివి. ఇప్పుడు లెక్కలబల్లపై మాత్రము తెల్లదీప ముంచి, అత్తగారి మూల 2700 దీప మొకటి పెట్టితిమి. దాని గొడుగు నిమ్మలకుంట తోలుబొమ్మలవారు చేసినది. శ్రీసత్యసాయి జిల్లాలోని ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. తెరవెనుక దీపముచే ఆడెడి బొమ్మ దీపముచుట్టు గొడుగైనది. రాముడు లేడు, రావణుడు లేడు. రెండు చిలుకలు, ఒక తీగ. మా పిల్ల లదియే తోలుబొమ్మలాట యనుకొనుచున్నారు. నాకది కొంచెము వెలితిగానే యుండును.

కిటికీలకు పెడన అద్దకపు తెరలు. వానిగుడ్డను ముందుగా కరకకాయరసమునను పాలలోను తడిపి ఆరవేయుదురని, నలుపునకు ఇనుమును బెల్లపునీట నాననిత్తురని చదివినప్పుడు నాకు ముచ్చటగా తోచినది. గోడలోను కరకకాయ, బెల్లము. తెరలోను కరకకాయ, బెల్లము! నేరుగా ఎండ తగులు పడమటి కిటికీకి ఆ తెర వేయరాదు, వెలసిపోవును. అక్కడ ముతకతెల్లగుడ్డ చాలును.

సిమెంటుపూత చెక్కునప్పుడు నేను మఱచిన సంగతి యొకటి బయల్పడినది. గోడలో రెండు గూళ్ళు. పూర్వము దీపములు పెట్టెడివి. గుత్తేదారు వానిని ఇటుకముక్కలతో పూడ్చి సమము చేసియుండెను. తెఱపించితిమి. ఒకదానిలో ఏటికొప్పాక లక్కపిడత లున్నవి. అంకుడుకఱ్ఱతో తరిమెనపట్టి చేయు ఆ బొమ్మలు 2025 గణతంత్రదినోత్సవమున మన రాష్ట్రపు శకటముపై ఢిల్లీవీథుల నూరేగినవి. మఱియొకదానిలో మావారి నిఘంటువులు. చారుదత్తుని యింట దొంగకు దొరకినపాటి సామాను మా యింటను కలదు.

సోఫాను అమ్మివేసితిమి, సగము వెలయు రాలేదు. దాని స్థలమున రెండు బల్లలు, వాటిపై వరంగల్లు జంపఖానాలు. ఈ రెండవమారు మొత్తము ఖర్చు మొదటిదానిలో మూడవవంతునకు లోపే యైనది. టైల్సు పగులగొట్టించిన కూలి దానిలో చేర్చలేదు. అది నా తప్పునకు నేను కట్టిన జరిమానా గనుక నా దాపుడు డబ్బునుండియే ఇచ్చితిని.

అద్దె యింట నున్న సోదరీమణులు గోడలు చెక్కలేరు, నేల మార్చలేరు. దీపము మార్చగలరు, తెర మార్చగలరు, బల్ల జరుపగలరు. జరుపుటకు ముందు రెండుమూడు దినములు ఊరక కూర్చుండి ఎవరు ఎచ్చట చేయి వేయుచున్నారో, ఎవరు ఏ మూల వెలుగునకై పుస్తకము త్రిప్పుకొనుచున్నారో చూడుడు. నేను చూడక పెట్టె నమ్మినదానను గావున ఈ మాట చెప్పుటకు నాకు కొంత హక్కు కలదు.

భోషాణ మున్న చోట ఇప్పుడు బరువైన ప్రాతరోలు ఒకటి బోర్లించి, దానిపై నాపరాయి వేసి, కూర్చుండి చెప్పులు విడుచుటకు పీటగా నేర్పరచితిమి. అత్తగారి దృష్టిలో అది సగము పనియే చేయుచున్నది. చేతికఱ్ఱతో నిత్యము అరుగువఱకు వెళ్ళుచున్నారు. గడపయొద్ద కఱ్ఱను ఎడమచేతికి మార్చి కుడిచేతితో టేకుకడ్డీ పట్టుకొందురు. కడ్డీ బాగున్నదా యని మొన్న నడిగితిని. "బాగానే వుంది. పెట్టెలో అయితే పాత ఉత్తరాలుండేవి," అనిరి. ఆ యుత్తరము లేమైనవో నేను అమ్ముటకు ముందు తీసి బీరువాలో దాచియుంటినని చెప్పి తెచ్చి యిచ్చితిని. అద్దాలు తెమ్మనిరి. 2700 దీపము వేసి ఆమె ప్రక్కన కూర్చుంటిని. సంక్రాంతి దగ్గరపడుచున్నది, సున్నము నానుచున్నది. నీలిమందు చిటికెడా, చెంచాడా యన్న వివాదము ఆ రాత్రికి వాయిదా పడినది.